నలభై వేల చేతుల పంక్తి

పోర్చుగల్‌లో ఒక లైబ్రేరియన్ రాసిన ఫిర్యాదు చదివి ధరణి మొదట పకపకా నవ్వింది. ఆ తర్వాత నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

ఫిర్యాదు ఇది: "మీ సాఫ్ట్‌వేర్ కొత్త విడుదల వేసుకున్నప్పటి నుంచి నా కృత్రిమ చెయ్యి ఒక వింత పని చేస్తోంది. పుస్తకం కిందపడితే చాలు, దాన్ని తీసి ఒక కంటికీ, తర్వాత రెండో కంటికీ ఆనిస్తే గానీ అలమరలో పెట్టనివ్వడం లేదు. నొప్పేమీ లేదు. చూడ్డానికి మర్యాదగానే ఉంది. కాకపోతే ఈ తమాషా చూడాలని పిల్లలు కావాలనే పుస్తకాలు పడేస్తున్నారు. దీన్ని ఆపే మీట ఎక్కడుందో చెప్పగలరా?"

జవాబు రాద్దామని ధరణి కీబోర్డు మీద వేళ్ళు పెట్టింది. సరిగ్గా అప్పుడే వరండాలో ఏదో పడ్డ చప్పుడైంది. తలెత్తి చూసింది. అత్తగారు మంగతాయారు ఒళ్ళోంచి లేసు నమూనాల పుస్తకం జారిపడింది. ఆవిడ వంగి, తన మరచేత్తో దాన్ని తీసి, కుడికంటికి ఒకసారీ ఎడమకంటికి ఒకసారీ అద్దుకుని, పక్కన పెట్టుకుని మళ్ళీ అల్లికలో పడిపోయింది. చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు కాబట్టి తానేం చేసిందో ఆవిడకే తెలీదు. ధరణి మాత్రం తెర మీది ఫిర్యాదుని మళ్ళీ మొదట్నుంచీ చదివింది.

మంగతాయారుది నరసాపురం. అక్కడ లేసు అల్లే ఆడవాళ్ళు వేలమంది ఉన్నా, ఆవిడ గులాబీ నమూనా అల్లితే పక్క వీధి వాళ్ళు కూడా వచ్చి చూసేవారు. ఆరేళ్ళ కింద బస్సు కిటికీ దగ్గర జరిగిన ప్రమాదంలో కుడిచెయ్యి మణికట్టు పైదాకా పోయింది. ఆ తర్వాత రెండేళ్ళు ఆవిడ వరండాలోకి రాలేదు. వీధిలో ఎవరైనా లేసు సూది పట్టుకుని కనబడితే తలుపేసుకునేది. అప్పటిదాకా ఏదో కంపెనీకి కోడు రాసుకుంటున్న ధరణి, అత్తగారి మరచేతిని లొంగదీద్దామని కూర్చుని, 'మునివేళ్ళు' అనే లైబ్రరీ రాసింది. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు. ఏ కంపెనీ చేసిన చేతిలోనైనా పెట్టి నడిపించుకోగల తయారు కోడు. ఓపెన్ సోర్స్ కాబట్టి తలుపుకి గడియ లేదు. ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు, తప్పు కనబడితే దిద్ది పంపొచ్చు.

మెదడు చేతికి పంపే ఆజ్ఞలో మొదటి సగం వినగానే రెండో సగం ఊహించి వేళ్ళని ముందే కదిలించడం 'మునివేళ్ళు' గొప్పతనం. అందుకే ఆ చేతులు తడుముకోకుండా, బెరుకు లేకుండా కదిలేవి. అయితే ఊహ తప్పకుండా ఉండాలంటే ప్రతి విడుదలకి ముందూ పరీక్షించాలి. మొదట్లో ఒక మనిషి చెయ్యి తొడుక్కుని పొద్దుట్నుంచి సాయంత్రందాకా మూడువందల పనులు చేసి చూసేవారు. అప్పుడు కర్నూలు నుంచి రెహానా అనే అమ్మాయి ఒక కొత్త పరికరం కనిపెట్టి తెచ్చింది. ఒక మనిషి నలభై రోజులు చెయ్యి తొడుక్కుని తన పనులు తాను చేసుకుంటే చాలు. ఆ మనిషి నరాల మాటలన్నీ విని కంప్యూటర్లో ఒక నీడ తయారవుతుంది. ఇక మనిషితో పని లేదు. ఆ నీడే నాలుగు నిమిషాల్లో పదివేల పనులు చేసి, ఏది కుదిరిందో ఏది చెడిందో చెప్పేస్తుంది. కుదిరితే పచ్చదీపం, చెడితే ఎర్రదీపం.

నీడలు ఇరవైమంది నుంచి తీసుకోవాలని అందరూ కలిసి రాసుకున్నారు. కానీ బయటివాళ్ళని పిలవాలంటే ఫారాలు నింపాలి, ఒప్పించాలి, నలభై రోజులు ఆగాలి. ఇంట్లో అత్తయ్య ఉంది కదా, ముందు ఆవిడతో మొదలుపెట్టి మిగతా పందొమ్మిది మందినీ తర్వాత చూద్దామనుకుంది ధరణి. ఆ తర్వాత అన్నది రెండేళ్ళయినా రాలేదు. పరీక్షలన్నీ మంగతాయారు నీడే పెడుతుంటే, ఆవిడకి కుదిరిన దిద్దుబాటే నిలిచేది, కుదరనిది రాలిపోయేది. ఆవిడ లేసు విడుదల విడుదలకీ చక్కబడేది. అది చూసి ధరణి మురిసిపోయేది. అలా 'మునివేళ్ళు' దేశదేశాల్లో నలభై వేల పైచిలుకు చేతుల్లోకి వెళ్ళింది. వెళ్ళిన ప్రతిచోటా మంగతాయారై కూర్చుంది.

మర్నాడు ముగ్గురూ తెరల మీద కలుసుకున్నారు. ధరణి నరసాపురంలో, రెహానా కర్నూల్లో, ఇమ్మానుయేలు పాలకొల్లులో. ఇమ్మానుయేలు పని బిల్డు. నలుమూలల నుంచి వచ్చిన కోడు ముక్కలన్నిటినీ కలిపి చేతిలో పెట్టడానికి తగ్గ ఒక్క వస్తువుగా వండి దించే పనన్నమాట. వాళ్ళు పాత ఫిర్యాదులన్నీ మళ్ళీ తిరగేశారు. కెనడాలో ఒకాయన చెయ్యి టీ కప్పుని పిడితో పట్టుకోకుండా పైఅంచు దగ్గర రెండు వేళ్ళతో పట్టి, ఊదుకోమన్నట్టు నోటి ముందు ఆపుతోందట. ఇంకో ఊళ్ళో ఒకావిడ చెయ్యి, ఎవరైనా ఆవలిస్తే చిటికె వేస్తోందట.

"ఆయ్, మా అమ్మా అంతేనండి," అన్నాడు ఇమ్మానుయేలు కళ్ళు తుడుచుకుంటూ. "మొత్తం ప్రపంచాన్ని పశ్చిమగోదావరి చేసేశారండి మీ అత్తగారు!"

రెహానా నవ్వలేదు. "ఇది కూడా చదువు అక్కా," అంటూ ఒక ఉత్తరం తెర మీద పెట్టింది.

కెన్యాలో కిసుము అనే ఊరి నుంచి ఒటియెనో అనే మంగలి రాశాడు. "నా చెయ్యి పని మొదలుపెట్టే ముందు, పని ముగిశాక వేళ్ళని ఒక్కసారి విదిలిస్తోంది. ఏదో అంటుకుంటే దులిపినట్టు. దువ్వెన పట్టుకున్నప్పుడు ఫరవాలేదు. పోయిన నెల కత్తి పట్టుకున్నప్పుడు విదిలించింది. మా పొరుగాయన చెవి తెగింది. ఆయన మంచివాడు, మూడు కుట్లు వేయించుకుని నాతో మళ్ళీ మాట్లాడుతున్నాడు. నేనే కత్తి పక్కన పెట్టేశాను. ఇప్పుడు మా దుకాణంలో తమ్ముడు గడ్డాలు గీస్తాడు, నేను ఊడుస్తాను. ఇది చాలా మంచి చెయ్యి. కానీ నాది కాదు. ఎవరిదో చెప్పగలరా?"

ఎవరిదో ధరణికి తెలుసు. లేసు దారం తెంపాక వేలికి అంటుకున్న కొసని విదిలించడం మంగతాయారు రోజుకి వందసార్లు చేసే పని. ఎవరి చెవికీ హాని లేని పని, కత్తి లేనంతవరకూ. ధరణి సిగ్గుతో తల దించుకుంది. తప్పు నీడది కాదు, ఒక్క నీడతో సరిపెట్టుకున్న తనది.

పరీక్షపద్ధతి మార్చాలని ముగ్గురూ ఒప్పుకున్నారు. దేనికి మార్చాలన్న దగ్గరే రభస మొదలైంది. ఓపెన్ సోర్స్‌లో పరికరం ఎంచుకోవడమంటే పెళ్ళికి చీర ఎంచుకున్నట్టే. చూసేవాళ్ళందరికీ ఒక అభిప్రాయం ఉంటుంది, కట్టుకునేది మాత్రం ఒక్కళ్ళు. చర్చలో మూడు వారాల్లో నాలుగువందల సందేశాలు పడ్డాయి. వాటిలో అరవై, ఏ పరికరం గుర్తు ఏ రంగులో ఉందన్న దాని మీద. ఆసుపత్రుల నుంచి పదివేలమంది నరాల లెక్కలు తెచ్చి, కలిపి, ఒక సగటు మనిషి నీడ చేద్దామంది రెహానా.

"ఆ సగటు మనిషిది ఏ ఊరండి?" అన్నాడు ఇమ్మానుయేలు. "ఆయన గడ్డం గీస్తాడా, లేసు అల్లుతాడా? ఏదీ సరిగ్గా చెయ్యడండి. అందరికీ కొంచెం కొంచెం చెడ్డచెయ్యి ఇచ్చినట్టవుద్ది."

"అట్లయితే నువ్వే చెప్పు. నిజం మనుషుల్ని పెట్టి పరీక్షిస్తే ఒక్కో బిల్డుకి ఒక్కో దినం పడుతుంది. నీ పరికరం ఒకటి ముగిస్తేగానీ ఇంకోటి మొదలుపెట్టదు. వారానికి ఎన్ని చేస్తావు?"

తెరల మీద తేలేట్టు లేదని, ముఖాముఖి కూర్చుందాం రమ్మని ధరణి పిలిచింది. కార్తీకమాసం కాబట్టి వాళ్ళ వీధివాళ్ళ వనభోజనాలు ఆ ఆదివారమే. అక్కడికే వచ్చెయ్యమంది.

ఊరి బయట తోటలో ఉసిరిచెట్టు పక్కన బారెడు పొడుగున గాడిపొయ్యి తవ్వారు. ఒకే నిప్పు మీద ఓ చివర పప్పు, మధ్యలో పులిహోరకి అన్నం, మరో చివర పాయసం ఒకేసారి ఉడుకుతున్నాయి. వంట మాట పక్కన పెట్టి ఇమ్మానుయేలు ఆ పొయ్యి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. వంటాయన అనుమానంగా చూసి, "ఏం బాబూ, ఏదన్నా పడిపోయిందా?" అన్నాడు కూడా.

పన్నెండున్నరకి విస్తళ్ళు వేశారు. రెహానా గబగబా తినేసి, చెయ్యి కడుక్కుందామని లేవబోయింది. మంగతాయారు చటుక్కున ఆ అమ్మాయి మోకాలు మీద చెయ్యేసి కూర్చోబెట్టింది.

"లేవకూడదమ్మా. అదిగో, చిట్టిరాజు గారింకా పులుసులోనే ఉన్నారు. పంక్తిలో ఆఖరి మనిషి ముగించేదాకా ఎవరూ లేవరు."

రిటైరైన పోస్టుమాస్టరు చిట్టిరాజు గారికి పళ్ళు లేవు. అన్నం ముద్ద ముద్దకీ ఆయన ఆలోచించి తింటున్నారు. నలభైమంది ఎండిన చేతులతో కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నారు. ఎవరూ విసుక్కోలేదు. ఒకావిడ ఆయనకి పప్పు మళ్ళీ వడ్డించింది, ఇంకొకాయన అప్పడం నలిపి పెట్టాడు. కాసేపటికి ఆయనే తలెత్తి, "నాకింకా పెరుగుంది. మీరు లేవండర్రా, నేను నిదానంగా కానిస్తా," అన్నారు. అప్పుడు లేచారందరూ.

రెహానా మాత్రం లేవలేదు. ఎండిన చేత్తోనే ధరణి మోచెయ్యి పట్టుకుంది. "అక్కా, సగటు మనిషి వద్దు. మనుషుల్నే వరుసగా కూర్చోబెడదాం. ఒక్కొక్కరు రోజూ చేసే పని ఒకటి, వాళ్ళ నరాలతో వాళ్ళే రికార్డు చేసి పంపనీ. అదే వాళ్ళ పరీక్ష. వరుసలో ఒక్కరికి ఎర్రదీపం ఉన్నా విడుదల లేదు. లేవాలంటే ఆ ఒక్కరే చెప్పల్ల, మీరు లేవండని."

"ఆయ్, వంట నేను చేస్తానండి!" అని వెనక నుంచి అరిచాడు ఇమ్మానుయేలు. "ఒక నిప్పు మీద వంద గిన్నెలు. ఒకదాని కోసం ఒకటి ఆగక్కర్లేదు. ఇన్నాళ్ళూ కుంపటి మీద విందు చేద్దామని చూశానండి నేను."

అలా ఆ మధ్యాహ్నం బిల్డు పరికరానికి గాడిపొయ్యి అనీ, పరీక్షలకి పంక్తి అనీ పేర్లు పడ్డాయి. నాలుగువందల సందేశాలు తేల్చనిది ఒక విస్తరి ముందు తేలిపోయినందుకు అందరికీ ఉషారొచ్చింది. ఆ ఉషారులోనే రెహానా పోర్చుగల్ సంగతి మంగతాయారుకి చెప్పేసింది. ధరణి ఆపుదామనుకునేలోపే అయిపోయింది.

"నా అలవాటేనా? పోర్చుగల్లో పుస్తకం కళ్ళకద్దుకుంటున్నాడా?" మంగతాయారు మొహం వెలిగిపోయింది. "ఆ దేశం ఎక్కడుంది? మంచివాడేనా?" ఆవిడ నవ్వుతూనే ఇంకా ఏమేం చేస్తున్నాయని అడిగింది. చిటికెల సంగతికి ఇంకా నవ్వింది. చివరికి మంగలి సంగతి చెప్పక తప్పలేదు.

మంగతాయారు నవ్వు మానేసి తన మరచేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. "పాపం, పనివాడి చెయ్యి గదా అది. నా నీడ తీసెయ్యి ధరణీ. ఇవాళే తీసెయ్యి."

"తీసేస్తే మీ లేసు..." అంది ధరణి.

"పోద్దా?"

"గులాబీ నమూనా పోవచ్చు అత్తయ్యా. ఆ సూది మెలిక మీ నీడ కోసం కుదిరింది. ఇంకెవరి పరీక్షలోనూ అది లేదు."

మంగతాయారు మరచేతి వేళ్ళని ఒక్కొక్కటే మడిచి విప్పింది. తర్వాత, "నన్నూ కూర్చోబెట్టండి ఆ పంక్తిలో. మిగతావాళ్ళలాగే, ఒక్క విస్తరితో," అంది.

రెండు నెలల్లో రెండువందల పన్నెండుమంది తమ తమ పనులు పంపారు. చిలీలో ఒక తల్లి కూతురికి జడ వెయ్యడం. మధురైలో ఒకాయన మల్లెలు మాల కట్టడం. ఒక ముసలి రైతు గుర్రానికి జీను బిగించడం. పోర్చుగల్ లైబ్రేరియన్ పుస్తకం వెన్ను మీద అంకె అతికించడం. ఒటియెనో తమ్ముడి గడ్డం గీయడం, చెక్కకత్తితో. మంగతాయారు పంపింది గులాబీ. ధరణి తన చేత్తోనే నీడని తుడిచేసింది. తుడిచేముందు చాలాసేపు మీట మీద వేలు పెట్టుకుని కూర్చుంది. ఆమె పని చూసి అత్తగారే, "అదేమన్నా నేనా? నేనిక్కడే ఉన్నా గదా," అని కాఫీ కప్పు చేతిలో పెట్టింది.

కొత్త పొయ్యి మీద మొదటి బిల్డు దిగింది. నూట నలభై ఎర్రదీపాలు. రెండోదానికి నూటపది. దేశదేశాల నుంచి దిద్దుబాట్లు వచ్చిపడ్డాయి. గుర్రపు జీను కోసం ఒక దంతవైద్యుడు, మల్లెమాల కోసం ఒక గిటారు వాయించేవాడు కోడు రాశారు. ఇమ్మానుయేలు రోజుకి ఆరు బిల్డులు దించి, "వేడివేడిగా ఉందండి, వడ్డించండి," అని సందేశం పెట్టేవాడు. యాభై ఎనిమిదో బిల్డుకి రెండువందల పదకొండు పచ్చదీపాలు వెలిగాయి. ఒక్కటే ఎరుపు. ఎవరిదో చెప్పక్కర్లేదు.

ధరణి పదిరోజులు దానితో కుస్తీ పట్టింది. గులాబీ రేకు దగ్గర సూదిని చూపుడువేలు లోపలికి తిప్పే మెలిక ఒకటుంది. అది కుదిరితే జడ చెడేది. జడ కుదిరితే ఇది చెడేది. కొత్త కోడులో ప్రతి చేతికీ చోటుంది గానీ, ఒక్కదానికే ఇల్లంతా ఇచ్చేసిన రోజులు పోయాయి. ఎన్నిసార్లు చేసినా రేకు ముడిపడిపోయేది. మిగతావాళ్ళు మాత్రం వరసలో కూర్చునే ఉన్నారు. ఎవరికీ కోపం లేదు. చిలీ ఆవిడ తన వంతు దిద్దుబాటు నాలుగుసార్లు పంపింది. పోర్చుగల్ ఆయన లేసు మీద పుస్తకాలు తిరగేసి బొమ్మలు పంపాడు.

పదకొండో రోజు ధరణి అత్తగారి ఎదురుగా కూర్చుంది. "అత్తయ్యా, మీ చేతిలో పాత విడుదలే ఉంచేస్తాను. అందరికీ కొత్తది ఇచ్చేద్దాం."

"అది ఎన్నాళ్ళు పనిచేస్తది?"

"మణికట్టులో నరాల మాట వినే పట్టీ ఏడాదికోసారి మారుస్తాం కదా. కొత్త పట్టీ పాతదానికి అర్థం కాదు. ఎనిమిది నెలలు వస్తుంది."

"పంక్తిలో కూర్చుని నాకు వేరే వంటా? సిగ్గులేదూ?" అంది మంగతాయారు. "సరేగానీ, ఆ మంగలాయన ఏవన్నా రాశాడా?"

రాశాడు. ఆ పొద్దున్నే వచ్చింది. ధరణి చదివింది. "అమ్మా, నా దీపం పచ్చబడి పదకొండు రోజులైంది. చివరి దీపం మీదని విన్నాను. మా ఇంట్లో కూడా పెద్దవాళ్ళు తినడం ముగించేదాకా కూర్చునే ఉంటాం. మీరు తొందరపడకండి. నిదానంగా కానివ్వండి. దుకాణం ఊడవడం కూడా పనేగా, బాగా నేర్చుకున్నాను."

మంగతాయారు ఆ ఉత్తరం మళ్ళీ చదివించుకుంది. "కత్తి పట్టాడా లేదా ఆయన?"

"విడుదలయ్యేదాకా పట్టలేడు అత్తయ్యా. ఇప్పుడు ఆయన చేతిలో ఉన్నది పాతదేగా. మీదే."

"అంటే నేను కూర్చుంటే ఆయన ఊడుస్తాడు."

"ఆయనే ఆగమంటున్నాడు కదా!"

"లేవమని అడిగుంటే మొండికేసి ఆగేదాన్నేమో," అంది మంగతాయారు. "అడగలేదే! రెండేళ్ళు నేను గదిలో కూర్చున్నా, నీకు గుర్తుందా? పని చేతకాదని కాదు, చేతిలోంచి పని పోయిందని. ఆయన అలా కూర్చోకుండా ఊడుస్తున్నాడు. నాకన్నా మేలు. ఏదీ, ఆ మీటేదో చూపించు. మీరు లేవండి అని ఎలా రాయాలి?"

ధరణికి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. "వద్దత్తయ్యా. ఇంకో వారం చూస్తాను. మొదట తప్పు చేసింది నేను. ఇరవైమందిని పెట్టమంటే మిమ్మల్నొక్కరినే పెట్టాను. తీరికలేక కాదు. మీ లేసు బాగా వస్తోందని. మీరు వరండాలో కూర్చుని అల్లుతుంటే నాకు చూడ్డానికి బాగుందని."

"తెలుసులేవే," అంది మంగతాయారు, కోడలి మొహం ఎడమచేత్తో తుడుస్తూ. "నాకూ బాగుంది. రెండేళ్ళు అనుభవించాం ఇద్దరం. ఇంక చాల్లే."

పంక్తి పరికరంలో ఆఖరి మనిషికి మాత్రమే కనబడే ఒక మీట ఉంది. మంగతాయారు దాన్ని మరచేత్తోనే నొక్కింది. ఇరవై నిమిషాల్లో కొత్త విడుదల దేశదేశాలకీ వెళ్ళిపోయింది. ఇమ్మానుయేలు ఏ సందేశమూ పెట్టలేదు, ఫోన్ చేసి, "అమ్మగారికి ఓసారి ఇవ్వండి," అని, ఆవిడ లైన్లోకి వచ్చాక, "ఆయ్, అమ్మగారండీ," అని పెట్టేశాడు. మర్నాడు కిసుము నుంచి ఒక ఫోటో వచ్చింది. కుర్చీలో ఒకాయన నున్నగా గీసిన గడ్డంతో నవ్వుతున్నాడు. కింద రాసుంది: "మా పొరుగాయనే. రెండు చెవులూ ఉన్నాయి, లెక్కపెట్టుకోండి."

మంగతాయారు ఆ ఫోటో చూసి గట్టిగా నవ్వింది. తర్వాత తన చేతికి కూడా కొత్త విడుదల వేయించుకుని సూది పట్టింది. గులాబీ మొదటి రేకులోనే దారం చిక్కుపడింది. రెండోసారి సూది జారి కిందపడింది. మూడోసారి ఆవిడ సూది పక్కన పెట్టి, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ధరణి ఆ రోజంతా తలుపు వైపే చూస్తూ కూర్చుంది. అన్నానికి పిలిస్తే, "ఆకల్లేదు," అన్న మాట ఒక్కటే వినబడింది. పాత రెండేళ్ళు మళ్ళీ మొదలయ్యాయేమోనని ఆమెకి భయం పట్టుకుంది.

పొద్దున ఏడింటికి తలుపు తెరుచుకుంది. మంగతాయారు తలస్నానం చేసి, తెల్లదారం ఉండ చంకలో పెట్టుకుని వచ్చి వరండాలో కూర్చుంది.

"ధరణీ, ఇలా రా. పరీక్షలో నాది మార్చాలి. గులాబీ తీసెయ్."

"తీసేసి?"

"గొలుసు కుట్టు పెట్టు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా అమ్మ నేర్పింది, అదే మొదటిది. నిన్నంతా నేను నా పాత చేతిని అడుగుతున్నానే. అది లేదుగా. ఈ కొత్తదానికి ఏవీ రాదు. రానిదాన్ని పట్టుకుని గులాబీ అల్లు అంటే ఏడవదూ? దీనికి మొదటి పాఠం నుంచి చెప్పాలి."

ఆవిడ సూది పట్టుకుని ఒక్కొక్క కుట్టే వేసింది. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ప్రతి కుట్టుకీ చేతిని తిట్టి, ప్రతి కుట్టుకీ మెచ్చుకుంది. పన్నెండో కుట్టు దగ్గర వేళ్ళు వణికి గొలుసు వంకర తిరిగింది.

"బాగుందత్తయ్యా," అంది ధరణి.

"అబద్ధాలాడకు, దాని ముందు అసలాడకు. పదకొండు బాగున్నాయి. పన్నెండోది వంకర." మంగతాయారు దారం కొస పట్టి లాగింది. గొలుసంతా సర్రున విడిపోయి మళ్ళీ ఉత్త దారమైంది. ఆవిడ మొహంలో బెంగ కనబడలేదు. "రాసుకో. నా పరీక్ష, పన్నెండు కుట్లు."

"పదకొండే కదా వచ్చాయి. పన్నెండు రాస్తే ఎర్రదీపం వస్తుందత్తయ్యా. విడుదల ఆగుతుంది."

"మిగతావాళ్ళని లేవమని నేనే చెప్తాగా, రోజూ చెప్తా. ఎర్రదీపం రానీ. పొద్దున లేచాక నాకో పనుండాలి గదా."

ధరణి పన్నెండు అని రాసింది. అరగంటలో దీపం ఎర్రగా వెలిగింది. మంగతాయారు దాన్ని ఒకసారి చూసి, సూది తీసుకుని మొదటి కుట్టు వేసింది.